చెప్పుల్లేని నడక

జనవరి 17, 1999

బ్యాంకు వాళ్ళు మా ఆయనకు ఇచ్చిన డైరీ ఇది. ఆయన ఏటా ఒకటి తెచ్చి అలమారలో పెడతారు, ఏడాది తిరిగాక తెల్లగా ఉన్నది ఉన్నట్టే పాత పేపర్లవాడికి వేస్తాం. ఈసారి నేనే రాద్దామనుకున్నాను. ఇంట్లో ఎవరితో ఏ మాట మొదలుపెట్టినా చివరికి నా షుగర్ దగ్గరికే వచ్చి ఆగుతోంది. కాగితమైతే ఎదురు మాట్లాడదు.

నిన్న డాక్టర్ భీమేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాం. రిపోర్టు చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళద్దాలు తీశారంటే చీవాట్లు ఖాయం. పరగడుపునే మూడు వందలు దాటిందట. "మాత్రలు ఇంతకంటే పెంచడానికి లేదు నాగేశ్వరి గారూ. నడవాలి. రోజూ నడవాలి. వేసవి దాటేలోగా తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడతాను," అన్నారు.

ఇన్సులిన్ అంటే సూది. భీమవరంలో మా పెద్దక్క ఆ సూది పొడుచుకుంటూనే పోయింది. ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మనిషే లేదు. ఆ మాటే డాక్టరుగారితో అన్నాను. "సూది వల్ల కాదమ్మా. సూది ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల," అన్నారాయన. డాక్టర్లు అలాగే అంటారు.

కళ్ళు మూసుకోమని, అరికాళ్ళ మీద పిన్నుతో గుచ్చి తెలుస్తోందా అని అడిగారు. రెప్పల సందులోంచి ఆయన చెయ్యి కనిపిస్తూనే ఉంది. చెయ్యి కదిలినప్పుడల్లా తెలుస్తోందన్నాను. ఎడమకాలికి నిజంగానే కొంచెం తెలిసింది. చలికాలం కాళ్ళు మొద్దుబారడం అందరికీ ఉన్నదే. వచ్చేటప్పుడు మాత్రం డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగొద్దని.

జనవరి 24

మా ఆయన కోఠీ నుంచి తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చారు. చీర కింద తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచి చూశాను. ప్రవీణ సోఫా మీద పడి నవ్వింది. "అమ్మా, మా స్కూల్లో డ్రిల్లు టీచర్‌లా ఉన్నావే," అంది. నాకూ నవ్వాగలేదు. ఆయన మాత్రం కింద కూర్చుని లేసులు బిగించి, "జారడం లేదుగా?" అని అడిగారు. మా విశ్వేశ్వరరావు గారికి ప్రేమ పుడితే ఇలాంటి పనులే చేస్తారు. మాట మాత్రం రాదు.

జనవరి 28

నడిచాను. మా వీధి చివరి నుంచి సైబర్ టవర్స్ వైపు కొత్త రోడ్డు మీద. రోడ్డు ఎంత వెడల్పో! మనిషి నడవడానికి మాత్రం చోటు లేదు. టిప్పర్లు పక్కనుంచి పోతుంటే నోటినిండా దుమ్ము. దానికి తోడు, ఆడమనిషి చేతిలో ఏమీ లేకుండా ఒంటరిగా నడుస్తోందంటే ఈ మాదాపూర్‌లో ఎవరికీ నమ్మకం కుదరడం లేదు. స్కూటరు మీద పోయే పెద్దమనిషి ఆగి, దింపాలా అమ్మా అన్నాడు. తర్వాత ఆటోవాడు.

"ఏడికి పోవాలె అమ్మా? బండి ఖాళీగనే ఉన్నది."

"ఎక్కడికీ కాదు బాబూ."

"ఏడికి గాకపోతే ఎందుకు నడుస్తున్నవ్?" అన్నాడు, పాపం నిజంగానే బాధపడుతూ.

రేపటి నుంచి కూరల సంచీ పట్టుకుని వెళ్ళాలి. కనీసం బజారుకి వెళ్తోందనుకుంటారు.

ఫిబ్రవరి 2

సంచీ పట్టుకుని వెళ్ళాను. అందులో తిండి ఉందనుకుని కుక్కలు వెంటబడ్డాయి.

ఫిబ్రవరి 6

గుట్టలు పేలుస్తున్నారు, ఇంకో కంపెనీ వస్తుందట. ఎర్రజెండా వాడు సగం దారిలో నిలబెట్టేశాడు. ఎండలో నిలబడి నిలబడి వెనక్కి వచ్చేశాను. బూట్లు విప్పి మంచం కిందికి తోశాను. సాయంత్రం ఆయన వచ్చి, నడిచావా అన్నారు. నడిచానన్నాను. లిఫ్టు చెడిపోయి మూడంతస్తులు ఎక్కి దిగాను, అబద్ధమేమీ కాదు.

ఫిబ్రవరి 12

కింది ఫ్లాటు భాగ్యమ్మతో ఇన్నాళ్ళకు మాట కలిసింది. మా అపార్టుమెంటు కట్టిన నేల వాళ్ళదే. ఒకప్పుడు జొన్న వేసేవాళ్ళట. బిల్డరు బదులుగా రెండు ఫ్లాట్లు ఇస్తే ఒకటి కిరాయికిచ్చి ఒకదాంట్లో ఉంటున్నారు. ఆమెకీ షుగరే. చెప్పుకుంటే నా షుగరు కంటే వయసులో పెద్ద షుగరు.

నా నడక కష్టాలన్నీ విని చేత్తో కొట్టిపారేసింది. "రోడ్డు మీద నడుస్తరా ఎవరన్న? పిచ్చిదనుకుంటరు. గుట్ట మీద హనుమాండ్ల గుడి లేదా? ప్రదక్షిణలు జెయ్యి. ఎంతసేపు తిరిగినా ఎందుకు తిరుగుతున్నవని ఎవడడుగుతడక్కా?"

ఇన్ని రోజులు నాకు ఎందుకు తట్టలేదు? పుణ్యానికి పుణ్యం, నడకకు నడక.

ఫిబ్రవరి 20

వారం నుంచీ భాగ్యమ్మా నేనూ పొద్దున్నే వెళ్తున్నాం. మెట్లు ఎక్కడం కూడా వ్యాయామమే కదా. పైన గాలి హాయిగా ఉంటుంది. ఆమె మాట్లాడుతూ తిరుగుతుంది, నేను హనుమాన్ చాలీసా చదువుతూ తిరుగుతాను. మధ్యలో ఆమె కోడలి సంగతి వస్తే చాలీసా ఆపి వింటాను. స్వామి ఏమీ అనుకోడు.

చెప్పులు మెట్ల కిందే వదలాలి. డాక్టరుగారు చెప్పింది గుర్తుంది. ఆయన చెప్పింది రోడ్లకీ ఇంటికీ. గుళ్ళో మేకులుంటాయా, గాజుపెంకులుంటాయా? గుడి ఆ లెక్కలోకి రాదు. పులిహోర కూడా అంతే, ప్రసాదం తిండి కిందికి రాదు. దోసిట్లో పెట్టినంతే తింటున్నాను.

మార్చి 19

ఉగాదికి గుడి చుట్టూ నల్ల గ్రానైటు పరిచారు. ఎవరో స్థలాల వ్యాపారి మొక్కట. పాత గచ్చు గరుకుగా ఉండేది, ఇది అద్దంలా మెరుస్తోంది, వంగి చూస్తే మొహం కనిపిస్తుంది. తిరగడానికి ఎంతో బాగుంది. భాగ్యమ్మకు నచ్చలేదు. ఆమెకు కొత్తది ఏదీ నచ్చదు.

జాకెట్టు వదులైంది! రెండేళ్ళ తర్వాత.

ఏప్రిల్ 8

బోర్లు ఎండిపోయాయి. నీళ్ళ ట్యాంకరు పొద్దున్న వస్తుంది, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బిందెలతో కాపలా కాయాలి. ఆయన ఆఫీసుకీ ప్రవీణ అమీర్‌పేటలో కంప్యూటరు క్లాసుకీ వెళ్ళాక, నీళ్ళన్నీ పైకి చేర్చి, వంట ముగించి గుడికి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. పూజారిగారు తలుపులు వేసుకునే వేళకి నేను తిరగడం మొదలుపెడుతున్నాను. మానేస్తే మాత్రం మళ్ళీ మొదలుపెట్టను, నా సంగతి నాకు తెలుసు.

ఏప్రిల్ 16

ఇవాళ భాగ్యమ్మ కూడా ఆ ఎండలో వచ్చింది. నల్లరాయి మీద కాలు పెట్టగానే, "అవ్వో!" అని ఎగిరి పక్కనున్న గోనెపట్టా మీదికి దూకింది. చీర ఎత్తిపట్టుకుని గోడ నీడన గెంతుతూ ఒక చుట్టు తిరిగి, ఇగ నాతోని కాదని కూర్చుంది. నేను నవ్వుతూ నా మానాన నేను తిరిగాను.

తాళం వేస్తున్న పూజారిగారు ఆగి చూశారు. "అమ్మగారికి కాళ్ళు కాలుతలేవా?"

"లేదండీ, వెచ్చగా ఉందంతే."

"చూడుండ్రి," అన్నారాయన అక్కడున్న ఇద్దరు ముగ్గురితో. "నిప్పుల మీద నడిచినట్టు నడుస్తున్నదమ్మ. స్వామి అనుగ్రహం లేకుంటే గిట్ల సాధ్యమైతదా?"

వాళ్ళలో ఒకావిడ వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. వద్దు వద్దన్నాను కానీ ఒళ్ళు పులకరించింది. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇంతవరకు నాలో ఏదైనా గొప్ప ఉందని ఎవరూ అనలేదు. వెచ్చగా ఉందన్నాను కానీ అది కూడా నిజానికి తెలియలేదు. అనుగ్రహమే అయి ఉండాలి. ఇంకేమవుతుంది?

ఏప్రిల్ 24

నూట అరవై!

డాక్టరుగారు రిపోర్టు తిరగేసి మళ్ళీ తిరగేసి చూశారు. కళ్ళద్దాలు తియ్యలేదు. "ఎక్కడ నడుస్తున్నారేమిటి?" అన్నారు.

"గుట్ట మీద ఆంజనేయస్వామి గుళ్ళో ప్రదక్షిణలండీ."

"భేష్! ఒంటికీ మంచిది, మనసుకీ మంచిది. అదే సాగించండి," అన్నారు. ఆయన బల్ల మీద కూడా స్వామి పటం ఉంది. ఇన్సులిన్ మాట ఎత్తలేదు. నేను గుర్తుచేయలేదు.

తిరిగి వస్తూ మా ఆయన బస్సులో నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా నలుగురిలో పట్టుకోలేదు.

మే 10

హనుమజ్జయంతి. భాగ్యమ్మ వాళ్ళు చైత్రంలోనే చేసేశారు, మా కృష్ణా గోదావరి వాళ్ళకు ఇవాళ. ఆమె రాలేదు. నూట ఎనిమిది చేస్తానని మొక్కుకున్నాను, చేశాను. దాహం తప్ప ఏమీ అనిపించలేదు. షుగర్ దెబ్బకి దిగివస్తుంది.

మే 11

హాల్లో మొజాయిక్ మీద తడి అడుగులు ఉన్నాయి. స్నానం చేసి కాళ్ళు తుడుచుకోలేదేమో అనుకుని గుడ్డతో తుడిచాను. కాసేపటికి మళ్ళీ ఉన్నాయి. కుడి అడుగువే.

మే 12

ప్రవీణ చూసింది. "అమ్మా, నీ కాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి!" అంది. అద్దం నేలమీద పెట్టి చూసుకున్నాను. అరికాలంతా పెద్ద బొబ్బ లేచి, బొటనవేలి కింద చితికి ఉంది. వేలితో నొక్కాను. ఏమీ లేదు.

నొప్పి లేదంటే పెద్దదేం కాదు. పెద్దదైతే నొప్పి ఉండాలిగా. పసుపూ కొబ్బరినూనె రాసి మేజోడు తొడుక్కున్నాను. నాన్నకు చెప్పొద్దని ప్రవీణతో ఒట్టేయించుకున్నాను. ఆయన బెంగపెట్టుకుంటారు. పైగా డాక్టరుగారు చూస్తే ఒకటే మాట అంటారు, ఇన్సులిన్.

మే 14

గుడికి వెళ్ళలేదు.

మే 15

వెళ్ళలేదు. ఒంట్లో షుగర్ పెరుగుతున్నట్టే ఉంది, నోరు పిడచకట్టుకుపోతోంది. షుగర్ పెరిగితే పుండు మానదని పెద్దక్క విషయంలో అందరూ అన్నదే. నడిస్తే షుగర్ తగ్గుతుంది. తగ్గితే పుండు మానుతుంది. అంటే నడవడమే మందు. ఇంట్లో కూర్చుంటే ముంచుకొస్తుంది.

మే 16

పుండు మీద గుడ్డ కట్టి, పైన పాలిథిన్ కవరు కట్టుకుని గుడికి వెళ్ళాను. మెట్ల మీద కవరు చిరిగిపోయింది. తిరిగి వచ్చాను. కొంచెం తిరిగాకే వచ్చాను.

మే 19

నొప్పి లేదు. నొప్పి లేదు కదా.

మే 21

వాసన. ప్రవీణ ఊదుబత్తి వెలిగించింది. నా మొహంలోకి చూడకుండా వెలిగించింది. ఆయన ఎలుక ఏదో చచ్చిందని అలమార వెనకంతా వెతికారు. బల్ల జరిపారు, ట్రంకుపెట్టె జరిపారు, చెమటలు కక్కుతూ వంగి వంగి వెతికారు. నేను మంచం మీద కూర్చుని మేజోడు తొడుక్కున్న కాలు చీర కిందికి లాక్కున్నాను. ఏడుపు ఆగలేదు. జలుబు అన్నాను.

మే 23

చలి జ్వరం. ఆయన దుప్పటి కప్పబోయి కాలు చూశారు.

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను ఎత్తుకుని మూడంతస్తులు దించారు. కింద భాగ్యమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏమైందక్కా, ఏమైంది? ఏయ్ ఆటో, ఆగు! జల్ది దవాఖానకు పోవాలె!" అని రోడ్డు మధ్యలో నిలబడి ఆపింది.

మే 26

ఆసుపత్రి. డైరీ ప్రవీణ తెచ్చిపెట్టింది. రెండు వేళ్ళు తీసేశారు. నాకు తెలియనే తెలియలేదు, పని సులువైపోయిందని నర్సు అంది.

భీమేశ్వరరావు గారు వచ్చారు. పుండు చూశారు, నన్ను చూశారు. "ఇది కాలిన గాయమమ్మా. దేని మీద అడుగు పెట్టారు?"

"ఎక్కడా పెట్టలేదండీ. గుళ్ళోనే తిరిగాను."

"చెప్పులు లేకుండానా?"

"గుళ్ళో చెప్పులతో ఎవరు తిరుగుతారండీ?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "ప్రదక్షిణలంటే భేషన్నాను. నేనూ రోజూ చేస్తాను. చెప్పులు విడిచే చేస్తాను. మీతో అంటున్నప్పుడు నాకు తట్టనే లేదు," అన్నారు. పెద్దాయన, ఆయన మొహం చూడలేకపోయాను. నడవమనడం తప్పు కాదు, నడిచినందుకు షుగర్ తగ్గింది కూడా. స్వామి తప్పు కాదు. ఎవరి మీద కోప్పడాలో తేలక పోపుడబ్బా లేని వంటింట్లో నిలబడ్డట్టు ఉంది.

మే 28

ఇన్సులిన్ ఇచ్చారు. సూది పొట్ట మీద గుచ్చారు. చీమ కుట్టినంత కూడా లేదు. దీనికా.

జూన్ 3

నలుపు పైకి వస్తోంది. పొద్దున చీలమండ దగ్గర ఉంది. అటు చూడొద్దని గోడకేసి తిరుగుతాను, మళ్ళీ చూస్తాను. ఇందులో నేను చేయగలిగింది ఏదీ లేదు. పడుకోమంటే పడుకుంటున్నాను, తినమంటే తింటున్నాను. మంచి రోగినని నర్సులు మెచ్చుకుంటున్నారు.

జూన్ 5

ఆయన వరండాలో సంతకం పెట్టి వచ్చారు. మోకాలి కింద తీస్తారట. రేపు.

"విశ్వేశ్వరరావు గారూ," అన్నాను. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "నాకు భయంగా ఉందండీ."

"నాక్కూడా," అన్నారు.

జూన్ 14

భాగ్యమ్మ వచ్చింది. దుప్పటి వైపు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి దగ్గరికొచ్చి కూర్చుంది.

"గుడికి పోదామన్నది నేనే అక్కా. నా నోరు పడిపోను. నేను ఎగిరి దుంకుతుంటే నువ్వు నవ్వుకుంట తిరిగితివి. నాకెట్ల సమజ్ అయితది? నేను గూడ నీ భక్తి గొప్పదనుకున్న."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాను.

గుళ్ళో ఇప్పుడు కొబ్బరిపీచు పట్టాలు పరిచారట. నా కోసం అర్చన చేయించి కుంకుమ తెచ్చింది. పెట్టుకున్నాను. ఆమె కాళ్ళు చూపించమని అడిగాను, రెండూ పైకెత్తించి వేళ్ళ సందులు కూడా చూశాను. సిగ్గుపడుతూనే చూపించింది. అరికాళ్ళు పగిలి ఉన్నాయి, అంతే. గిల్లితే "అబ్బా!" అంది. ఎంత హాయిగా అరిచిందో, అసూయ పుట్టింది.

జూన్ 22

ఇల్లు. మూడంతస్తులూ కుర్చీలో మోసుకొచ్చారు. లిఫ్టు ఇంకా బాగుపడలేదు.

డాక్టరుగారు కొత్త వ్యాయామం చెప్పారు. కుర్చీలో కూర్చుని చేతులు ముందుకూ పైకీ ఊపాలట, రోజూ. ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు కదలాల్సిందేనట. ప్రవీణ ఎదురుగా కూర్చుని నాతోపాటు ఊపింది. ఇద్దరం ఎవరినో రైలెక్కించి సాగనంపుతున్నవాళ్ళలా ఉన్నాం. నవ్వబోయి ఇద్దరం ఆగిపోయాం. మిగిలిన కాలును ఆయన పొద్దునా సాయంత్రం ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు.

జూలై 4

ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడుకున్నాను. కుడి పాదం మండడం మొదలైంది.

మొదట కలేమో అనుకున్నాను. లేచి కూర్చున్నాను. మంట పోలేదు. అరికాలు, మడమ, బొటనవేలి కింద మెత్తని చోటు, వేళ్ళ సందులు, ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తున్నాయి. పళ్ళు బిగపట్టినా ఆగడం లేదు. దుప్పటి ఎత్తి చూశాను. మోకాలి కింద కట్టు, ఆ తర్వాత పరుపు. ఇలా కొందరికి వస్తుందని, కాలు పోయిన సంగతి తలకు తెలియదని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. పిన్ను గుచ్చినా తెలియని పాదం, నల్లరాయి మీద కమిలినా కిక్కురుమనని పాదం. అప్పుడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఇలా మండి ఉంటే గెంతి నీడలోకి పోయేదాన్ని.

"ఏమండీ, కాలుతోంది," అన్నాను.

ఆయన పేపరు పక్కన పెట్టి వచ్చారు. "ఎక్కడ?"

చెప్పడానికి సిగ్గేసింది. వేలితో చూపించాను.

ఆయన పరుపు వైపు చూశారు. లోపలికి వెళ్ళి తువ్వాలు తడిపి పిండి తెచ్చి, నేను చూపించిన చోట, ఖాళీ పరుపు మీద పరిచారు. నాలుగు వైపులా సర్దారు.

"ఇక్కడేనా?"

"కొంచెం కిందికి. వేళ్ళ దగ్గర."

కిందికి జరిపారు.